పికప్ బండికి డీజిల్ ఫిల్టర్ మార్చడం: నీళ్లు వదలడం నుంచి ఎయిర్ తీయడం దాకా

"లోడుతో బండి ఎత్తు ఎక్కడం లేదు, మెకానిక్ డీజిల్ ఫిల్టర్ మార్చమన్నాడు, ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. మార్చుకోవచ్చు. విప్పి బిగించడం అరగంట పని. ఆ తర్వాత ఎంత సెల్ఫ్ కొట్టినా బండి అందుకోకపోతేనే టెన్షన్ మొదలవుతుంది. అలా ఆగిపోయిన బండ్లలో చాలావాటికి ఎక్కడో గాలి పట్టి ఉంటుంది. స్టార్ట్ అయినా, నెలల తర్వాత ఇంజెక్టర్లు పాడైన బండ్లలో కొన్నిటికి ఫిల్టర్ మార్చేటప్పుడే దుమ్ము లోపలికి పోయి ఉంటుంది. కాబట్టి గాలి, దుమ్ము ఈ రెండింటి గురించే ఇక్కడ ఎక్కువ చెబుతాను.

నేను నడిపేది మదనపల్లె నుంచి టమాటా తోలే బొలెరో పికప్. మీది ఇంట్రా అయినా, దోస్త్ అయినా, మన శ్రీసిటీలో తయారయ్యే డి-మ్యాక్స్ అయినా పని జరిగే వరస ఇదే. ఫిల్టర్ ఉండే చోటు, గొట్టాల అమరిక మాత్రం మారతాయి. బండితో ఇచ్చిన పుస్తకంలో వేరుగా ఉంటే పుస్తకం చెప్పినట్టే చేయండి.

ఒక మాట ముందే చెప్పాలి. బండి ఇంకా వారంటీలో ఉంటే ఈ పని సర్వీస్ సెంటర్‌లోనే చేయించండి. రేపు పంపు పోతే "బయట ఫిల్టర్ మార్చారు" అనే మాట పడకుండా ఉంటుంది.

1. మీ బండి ఏ రకమో తేల్చుకోండి

మూడు సంగతులు తెలిస్తేనే పానా పట్టుకోండి.

మొదటిది, ఇంజిన్ కామన్ రైలా (ఇంజెక్టర్లన్నిటికీ "రైలు" అనే ఒకే హై-ప్రెషర్ పైపు నుంచి డీజిల్ అందేది), పాత మెకానికల్ పంపా? బీఎస్-4, బీఎస్-6 పికప్‌లు దాదాపు అన్నీ కామన్ రైలే. వీటిలో రైలు లోపల ప్రెషర్ 1,600 బార్ దాకా వెళ్తుంది. లారీ టైరులో ఉండేది 8 బార్ చుట్టూ అని గుర్తుంచుకుంటే ఆ లెక్క అర్థమవుతుంది. ఇంజెక్టర్ లోపల కదిలే భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. కంటికి కనిపించని దుమ్ము కూడా అక్కడ ఉప్పుకాగితంలా గీరేస్తుంది.

రెండోది, ఫిల్టర్ ఏ తీరుది?

- డబ్బా ఫిల్టర్: ఆయిల్ ఫిల్టర్‌లా మొత్తం తిప్పి విప్పేది.
- గిన్నె ఫిల్టర్: గిన్నె విప్పి, లోపలి కాగితం ఎలిమెంట్ మాత్రమే మార్చేది. పాత జీపులు, ట్రాక్టర్లకు ఇవి రెండు వరసగా ఉంటాయి, ఒకదానిలో గుడ్డ, రెండోదానిలో కాగితం.
- సీల్డ్ ఫిల్టర్: గొట్టాలు నేరుగా ఫిల్టర్‌కే తగిలించి ఉండేది, మొత్తంగా మార్చేది.

మూడోది, డీజిల్‌ను ట్యాంకులోని ఎలక్ట్రిక్ పంపు తోస్తోందా, ఇంజిన్ మీది పంపు పీల్చుకుంటోందా? ఇంజిన్ ఆపి, తాళం ఆన్ చేసి, ట్యాంకు దగ్గర చెవి పెట్టండి. సన్నగా గుయ్‌మని మోత వస్తే లోపల ఎలక్ట్రిక్ పంపు ఉన్నట్టు. మోత లేకపోతే చాలావరకు పీల్చుకునే రకమే. ఎయిర్ తీసేటప్పుడు ఈ తేడాతోనే పని.

2. ఎప్పుడు మార్చాలి

కిలోమీటర్ల లెక్క మీ బండి సర్వీస్ చార్టులో ఉంటుంది. దాన్ని దాటించకండి. ఇసుక, ఇటుక బట్టీలు, పొలం దారుల్లో తిరిగే బండికి ఇంకాస్త ముందే మార్చడం మంచిది.

చార్టు కన్నా ముందే బండి చెప్పే గుర్తులు ఇవి:

- ఖాళీగా బాగానే పోతుంది, లోడు వేస్తే మూడో గేరులోనే చచ్చుపడిపోతుంది.
- ఎత్తులో యాక్సిలరేటర్ తొక్కినా వెనక్కి లాగినట్టు ఉంటుంది.
- పొద్దున్నే ఎక్కువ సేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది.
- మీటరులో ఫిల్టర్, నీటి చుక్క గుర్తు ఉన్న లైటు వెలుగుతోంది.

ఆఖరి లైటు వెలిగితే ఫిల్టర్ మార్చాలని కాదు, అడుగున నీళ్లు చేరాయని అర్థం. ముందు నీళ్లు వదలండి. వదిలాక కూడా రెండు మూడు రోజుల్లో మళ్లీ వెలిగితే ట్యాంకులోనే నీళ్లున్నాయి. అప్పుడు ట్యాంకు కడిగించకుండా ఎన్ని ఫిల్టర్లు మార్చినా డబ్బు దండగ.

3. ఫిల్టర్ కొనేటప్పుడు

"బొలెరో ఫిల్టర్ ఇవ్వండి" అని అడిగితే షాపువాడు చేతికందింది ఇస్తాడు. ఒకే పేరుతో బీఎస్-3, బీఎస్-4, బీఎస్-6 బండ్లున్నాయి, ఫిల్టర్లు వేరు. పాత ఫిల్టర్ మీది పార్ట్ నంబరు ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లండి, లేదా ఛాసిస్ నంబరు చెప్పండి. బిల్లు తీసుకోండి.

పెట్టె విప్పి అక్కడే చూడాల్సినవి: రబ్బర్ రింగులు పెట్టెలో ఉన్నాయా, గొట్టాలు తగిలించే చోట ప్లాస్టిక్ మూతలున్నాయా, మర శుభ్రంగా ఉందా. మూతలు లేని ఫిల్టర్, ముద్ర అలుక్కుపోయిన ఫిల్టర్ వద్దనండి. సగం ధరకు దొరికేదాని జోలికి పోకండి. ఫిల్టర్ ధర వందల్లో ఉంటుంది. కామన్ రైలు ఇంజెక్టర్ల సెట్టు పదుల వేలల్లో ఉంటుంది.

4. దగ్గర పెట్టుకోవాల్సిన సామాన్లు

- కొత్త ఫిల్టర్, దాని రింగులు, వాషర్లు
- రింగ్ పానాలు, సాకెట్ సెట్టు
- బెల్ట్ పానా (డబ్బా ఫిల్టర్ అయితే)
- హోస్ క్లిప్‌లు తీయడానికి ప్లయర్, స్క్రూడ్రైవర్. అదనంగా రెండు కొత్త క్లిప్‌లు
- పారదర్శకంగా ఉండే లీటరు సీసా, వెడల్పాటి డబ్బా
- ఒక మూర సన్న ప్లాస్టిక్ గొట్టం
- నూగు రాలని గుడ్డ. బనియన్ వేస్ట్ పైన తుడవడానికి పనికొస్తుంది. ఫిల్టర్ కూర్చునే చోట మాత్రం వాడొద్దు, దారాలు రాలతాయి.
- గొట్టాల నోళ్లు మూయడానికి శుభ్రమైన ప్లాస్టిక్ కవర్లు, రబ్బర్ బ్యాండ్లు
- చేతి గ్లౌజులు, కళ్లద్దాలు
- చిన్న టార్చి

ట్యాంకులో కనీసం సగం డీజిల్ ఉండాలి. అడుగంటిన ట్యాంకుతో ఈ పని మొదలుపెట్టి పంపు కొట్టీ కొట్టీ చేతులు నొప్పి పుట్టించుకున్నవాళ్లను చూశాను.

5. చోటు, బండి సిద్ధం చేసుకోవడం

గాలి దుమారం లేని చోట, గట్టి నేల మీద, సమంగా నిలపండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టండి. ఇంజిన్ చల్లారేదాకా ఆగండి. అప్పుడే లోడు దించి వచ్చిన బండి అయితే గంటైనా ఆగాలి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి. బీడీ, సిగరెట్, దోమల చక్రం దగ్గర్లో ఉండకూడదు.

తర్వాత చేసేది చాలామంది వదిలేసే పని. ఫిల్టర్, దాని హెడ్ (ఫిల్టర్ బిగించి ఉండే పై భాగం), గొట్టాలు కలిసే చోట్లు, చుట్టుపక్కల జానెడు మేర బ్రష్‌తో, కొద్దిగా డీజిల్ తడిపిన గుడ్డతో శుభ్రంగా తుడవండి. ఒక గొట్టమైనా విప్పకముందే ఇది అయిపోవాలి. విప్పాక తుడిస్తే ఆ మట్టి నేరుగా లోపలికే పోతుంది. నీళ్ల ప్రెషర్‌తో కడగాలంటే ముందురోజే కడిగి ఆరనివ్వండి.

ఫిల్టర్ కింద ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటార్, బెల్టు ఏదైనా ఉంటే ప్లాస్టిక్ షీటు కప్పండి. డీజిల్ పడిన బెల్టు జారుతుంది, రబ్బరు ఉబ్బుతుంది.

ఇప్పుడు గొట్టాలు స్పష్టంగా కనిపించేలా రెండు మూడు వైపుల నుంచి ఫొటోలు తీయండి. ఏది ఇన్, ఏది అవుట్, ఏది రిటర్న్ (మిగిలిన డీజిల్ ట్యాంకుకు తిరిగెళ్లేది) అన్నది ఒక్కో గొట్టానికి వేరే రంగు టేపు చుట్టి గుర్తు పెట్టండి.

6. ముందు నీళ్లు వదలండి

డీజిల్ కన్నా నీళ్లు బరువు. అందుకే అడుగున చేరతాయి. ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ మరకు సన్న గొట్టం తగిలించి, రెండో కొస పారదర్శక సీసాలో పెట్టి, చేత్తోనే రెండు మూడు చుట్లు వదులు చేయండి. ప్లాస్టిక్ మరను ప్లయర్‌తో పట్టొద్దు, పగులుతుంది. ధార రాకపోతే పైన ఎయిర్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) కాస్త వదులు చేయండి, లేదా హ్యాండ్ పంపు (డీజిల్ ఎక్కించడానికి చేత్తో నొక్కే పంపు) ఉంటే రెండు సార్లు కొట్టండి.

సీసాను కదిలించకుండా పది నిమిషాలు పక్కన పెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. నీళ్లుంటే అడుగున గాజు బిళ్లలా వేరుగా నిలబడతాయి. సీసా కొద్దిగా వంచితే ఆ గీత మీద డీజిల్ జారుతూ కదలడం తెలుస్తుంది. ఆ గీత దగ్గర నల్లటి తుక్కు వేలాడుతుంటే అది నీళ్లలో పెరిగిన నాచులాంటి జిగట. ఎక్కువ రోజులు కదలకుండా నిలిచిన బండ్లలో, వానకాలంలో క్యాన్లతో డీజిల్ పోసుకునే బండ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

7. గొట్టాలు, సెన్సార్ విప్పడం

ముందు, ఫిల్టర్‌లో నీళ్లు చేరితే కనిపెట్టే సెన్సార్ కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్గు). లాక్ నొక్కి లాగాలి, వైర్లు పట్టి లాగొద్దు.

తర్వాత గొట్టాలు. రబ్బరు గొట్టం ఎండి పట్టేసి ఉంటే మొద్దు కొసతో మెల్లగా తిప్పి కదిలించి తీయండి. కొసన పగుళ్లు కనిపిస్తే, పొడవు సరిపోతే అర అంగుళం కోసేయండి, లేకపోతే కొత్త గొట్టం వేయండి. ప్లాస్టిక్ లాక్ ఉన్న గొట్టాలకు రెండు పక్కలా మీటలు నొక్కి, ముందు కొంచెం లోపలికి తోసి, ఆ తర్వాత బయటికి లాగండి. ఎండలకు ఆ ప్లాస్టిక్ పెళుసుగా మారి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే విరిగిపోతుంది, అప్పుడు గొట్టం మొత్తం కొనాలి.

విప్పిన ప్రతి నోటికీ వెంటనే కవరు చుట్టి రబ్బర్ బ్యాండ్ వేయండి. ఐదు నిమిషాలకే కదా అని వదలొద్దు.

ఫిల్టర్ ట్యాంకు కన్నా కిందున్న బండ్లలో విప్పగానే డీజిల్ దానంతటదే కారుతుంది. రబ్బరు గొట్టమైతే క్లాంపు వేయండి. ప్లాస్టిక్ గొట్టాన్ని మడవొద్దు, నోరు మూయండి.

ఎట్టి పరిస్థితిలోనూ గొట్టం నోట్లో పెట్టుకుని డీజిల్ పీల్చకండి. మన ఊళ్లలో ఇది మామూలైపోయింది. ఒక్క గుక్క పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మింగితే వాంతి చేయించకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

8. పాత ఫిల్టర్ తీయడం, పాత రింగు వెతకడం

డబ్బా ఫిల్టర్‌ను బెల్ట్ పానాతో వదులు చేసి, చేత్తో తిప్పి, నిటారుగా దించండి. గిన్నె ఫిల్టర్ అయితే గిన్నెను కింద నుంచి పట్టుకుని బోల్టు విప్పండి. లోపలి స్ప్రింగు, వాషర్లు ఏ వరసలో వచ్చాయో అదే వరసలో గుడ్డ మీద పేర్చుకోండి.

ఇప్పుడు ఆగి, పాత రబ్బరు రింగు ఎక్కడుందో చూడండి. ఫిల్టర్‌తో పాటే వచ్చిందా, హెడ్‌కే అతుక్కుందా?

దీని మీద నేను దెబ్బ తిన్నాను. మొదటిసారి సొంతంగా మార్చింది రాత్రి పూట, టార్చి వెలుతురులో. పాత రింగు హెడ్‌కే ఉండిపోయింది, దాని మీదే కొత్తది బిగించాను. చుక్క కూడా కారలేదు, బండి స్టార్ట్ అయ్యింది. మర్నాడు పొద్దున ఎక్కువ సేపు సెల్ఫ్ కొడితే గానీ అందుకోలేదు, అయినా పట్టించుకోకుండా లోడు తోలాను. తిరుగు దారిలో ఖాళీ బండితో మొగిలి ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ ఎగశ్వాస పీల్చినట్టు రెండు సార్లు ఊగి ఆగిపోయింది. పలమనేరు నుంచి వచ్చిన మెకానిక్ అన్న ఫిల్టర్ విప్పి, ఒకదానికొకటి అంటుకున్న రెండు రింగులు నా అరచేతిలో పెట్టాడు. పాతది బల్లపరుపుగా, గట్టిగా, బెల్టు ముక్కలా ఉంది. కొత్తది దాని మీద సరిగ్గా కూర్చోలేక ఒక పక్క వంపు తిరిగింది. ఆ సందులోంచే గాలి పీల్చింది.

డీజిల్ కారలేదు కదా, మరి గాలి ఎలా వెళ్లింది? పీల్చుకునే రకం బండ్లలో ఫిల్టర్ లోపల ప్రెషర్ బయటి గాలి కన్నా తక్కువ. సందు ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. కాబట్టి పొడిగా కనిపించినంత మాత్రాన లీకు లేదనుకోవద్దు. ఇంజిన్ ఆపాక ఆ గాలి వల్లే డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది, పొద్దున స్టార్టింగ్ కష్టమవుతుంది.

వేలితో హెడ్ చుట్టూ తడిమి చూడండి. పాత రింగు దొరికి, పక్కన పెట్టాకే ముందుకు వెళ్లండి.

9. పాత ఫిల్టర్‌ను పారేయకముందు చూడండి

ఎలిమెంట్ బయటికి తీయగలిగితే మడతలు విప్పి చూడండి. సీల్డ్ డబ్బా అయితే లోపలి డీజిల్‌ను తెల్ల గిన్నెలో పోయండి.

- ఎర్రటి పొడి: ట్యాంకు తుప్పు పట్టింది.
- నల్లటి జిగట: నీళ్లలో పెరిగిన సూక్ష్మజీవులు. ట్యాంకు కడిగించాలి.
- ఇసుక: డీజిల్ పోసే చోట, క్యాన్‌లో, మూతలో చూడండి.
- ఎండకు తళుక్కుమనే లోహపు పొడి: కామన్ రైలు బండిలో ఇది పెద్ద ప్రమాద సూచన. పంపు అరుగుతోంది, ఆ పొడి రిటర్న్ గొట్టం ద్వారా ట్యాంకుకు తిరిగొచ్చి ఫిల్టర్‌లో చేరుతోంది. కొత్త ఫిల్టర్ వేసి తిప్పొద్దు, ముందు పంపు చూపించండి.

నీళ్ల సెన్సార్ పాత ఫిల్టర్ అడుగునే ఉంటుంది. చాలా బండ్లకు దాన్ని విప్పి కొత్తదానికి బిగించుకోవాలి. పాత డబ్బాతో పాటు విసిరేసి తర్వాత చెత్తకుప్పలో వెతికినవాళ్లున్నారు. విప్పి, తుడిచి, కొత్త రింగు వేసి, చేతి బిగువుతోనే కొత్త ఫిల్టర్‌కు బిగించండి.

10. కొత్త ఫిల్టర్ బిగించడం

హెడ్ కింది భాగాన్ని నూగు రాలని గుడ్డతో ఒక్కసారి తుడవండి. కొత్త రింగులకు వేలితో శుభ్రమైన డీజిల్ రాయండి. గ్రీజు వద్దు.

కొత్త ఫిల్టర్‌లో ముందే డీజిల్ నింపాలా? పాత మెకానికల్ పంపు బండికి చాలామంది మెకానిక్‌లు నింపుతారు, పని తొందరగా అవుతుంది. కామన్ రైలుకు నింపకండి. మీరు క్యాన్‌లోంచి పోసేది వడకట్టని డీజిల్, అది ఫిల్టర్‌కు అవతలి వైపు పడితే నేరుగా పంపులోకి, ఇంజెక్టర్లలోకి వెళ్తుంది. ఖాళీగా బిగించి, పంపుతోనే నింపండి. ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

డబ్బా ఫిల్టర్‌ను చేత్తోనే తిప్పండి. మర మొదట్లోనే బిగుసుకుంటే వంకరగా ఎక్కుతోందని అర్థం, వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. రింగు హెడ్‌ను తాకాక ముప్పావు చుట్టు తిప్పాలి. ఫిల్టర్ మీద వేరే లెక్క అచ్చు వేసి ఉంటే అదే పాటించండి. బిగించడానికి బెల్ట్ పానా వాడకండి. ఎక్కువ బిగిస్తే రింగు నలిగి లీకవుతుంది, మళ్లీ విప్పాలంటే డబ్బా నలుగుతుంది.

గొట్టాలు బిగించే బోల్టుల కింద రాగి వాషర్లుంటే కొత్తవి వేయండి. ఫిల్టర్ మీద బాణం గుర్తు ఉంటే అది ఇంజిన్ వైపు చూపాలి. ప్లాస్టిక్ లాకులు టక్‌మని పడాలి. పడ్డాక ఒకసారి వెనక్కి లాగి చూడండి. ఫొటోతో పోల్చుకోండి.

11. ఎయిర్ తీయడం

ఇక్కడ తొందరపడొద్దు. కామన్ రైలు పంపులోని భాగాలకు డీజిలే నూనె. గాలితో, అంటే డీజిల్ తడి లేకుండా, ఎక్కువ సేపు తిప్పితే పంపు అరిగిపోతుంది. ఎయిర్ పట్టిన బండిని తోసి, లాగించి స్టార్ట్ చేయడం తప్పు అనేది కూడా అందుకే.

*హ్యాండ్ పంపు ఉన్న బండి*

1. హెడ్ మీది ఎయిర్ స్క్రూకు సన్న గొట్టం తగిలించి, కొస సీసాలో పెట్టండి.
2. స్క్రూ ఒక చుట్టు వదులు చేసి పంపు కొట్టండి. ముందు బుస్సుమని గాలి, తర్వాత నురగ, ఆ తర్వాత బుడగలతో కలిసిన డీజిల్ వస్తుంది. చివరికి బుడగ లేని నిండు ధార వస్తుంది.
3. ధార వస్తుండగానే, పంపు నొక్కి పట్టుకునే స్క్రూ బిగించండి. చేయి తీశాక బిగిస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది.
4. ఇక నొక్కలేనంతగా పంపు గట్టిపడేదాకా మళ్లీ కొట్టండి.

ఎయిర్ స్క్రూ లేని బండ్లకు పంపు గట్టిపడేదాకా కొట్టడమే పని. గొట్టం మధ్యలో రబ్బరు బంతిలాంటి పంపు ఉంటే దాని మీది బాణం పైకి ఉండేలా పట్టుకుని నొక్కండి.

*ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు ఉన్న బండి*

బ్యాటరీ టెర్మినల్ బిగించి, తాళం ఆన్ చేయండి, సెల్ఫ్ కొట్టకండి. 20, 30 సెకన్లు ఆగి ఆఫ్ చేయండి. ఇలా నాలుగైదు సార్లు. ఈ రకంలో లీకు ఉంటే బయటికే కారుతుంది, కనుక ఫిల్టర్ దగ్గర ఒకరు టార్చి పట్టుకుని నిలబడాలి.

*పాత మెకానికల్ పంపు బండి*

ఫిల్టర్ దగ్గర, తర్వాత పంపు మీది స్క్రూ దగ్గర ఎయిర్ తీయండి. అప్పటికీ అందుకోకపోతే ఇంజెక్టర్ పైపుల నట్లు కొద్దిగా వదులు చేసి సెల్ఫ్ కొట్టి, డీజిల్ చిమ్మగానే బిగించే పద్ధతి ఈ బండ్లకు మాత్రమే. అప్పుడు కూడా చేయి దూరంగా ఉంచాలి.

కామన్ రైలుకు ఇంజెక్టర్ పైపు నట్టు ముట్టుకోనే కూడదు. ఆ ప్రెషర్‌లో సన్న ధార గ్లౌజునూ, చర్మాన్నీ చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత చుక్కే కనబడుతుంది, నొప్పి కూడా మొదట్లో ఉండకపోవచ్చు. గంటలు గడిచేకొద్దీ లోపల కండ కుళ్లుతుంది, వేలు, చేయి తీసేయాల్సి వస్తుంది. అలా తగిలితే సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి వెంటనే వెళ్లి, "డీజిల్ ప్రెషర్‌తో లోపలికి పోయింది" అని ఆ మాటే చెప్పండి.

12. స్టార్ట్ చేయడం

బ్యాటరీ బిగించారు, కప్లర్ పెట్టారు, సామాన్లు తీసేశారు. తాళం ఆన్ చేసి హీటర్ లైటు ఆరేదాకా ఆగండి. పది సెకన్లకు మించకుండా సెల్ఫ్ కొట్టండి. అందుకోకపోతే నిమిషం ఆగి మళ్లీ. మూడు సార్లకు అందుకోకపోతే ఆపి, 11కు వెనక్కి వెళ్లండి. స్టార్టింగ్ స్ప్రే కొట్టకండి, హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్‌లో అది పేలినట్టు మండుతుంది.

స్టార్ట్ అయ్యాక కాస్త ఊగుతుంది, తెల్లగా పొగ వస్తుంది. కొద్దిసేపట్లో సర్దుకోవాలి. యాక్సిలరేటర్ తొక్కి రేజ్ చేయకుండా ఐదు నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచి, ఫిల్టర్ చుట్టూ పొడి కాగితం ఆనించి చూడండి. తడి అంటితే ఆపి సరిచేయండి.

13. తేడా వస్తే ఎక్కడ చూడాలి

- హ్యాండ్ పంపు ఎంత కొట్టినా గట్టిపడటం లేదు: ట్యాంకులో డీజిల్ చూడండి. తర్వాత ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా గొట్టం క్లిప్‌లు. అన్నీ బాగుంటే హ్యాండ్ పంపులోని వాల్వు పోయింది.
- స్టార్ట్ అయి, నిమిషంలో ఆగిపోతోంది: గాలి మిగిలింది, లేదా ఇన్, అవుట్ తారుమారయ్యాయి.
- పగలు బాగుంది, పొద్దున అందుకోవడం లేదు: రింగు దగ్గర గాలి పీలుస్తోంది. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య తాత్కాలికంగా పారదర్శక గొట్టం వేసి చూడండి. బుడగలు నడుస్తుంటే కనిపిస్తాయి. (పంపులోకి పీల్చుకునే లో-ప్రెషర్ గొట్టానికి మాత్రమే ఇది.)
- నీళ్ల లైటు ఆరడం లేదు: కప్లర్ సరిగ్గా కూర్చోలేదు, లేదా సెన్సార్ కొనకు తడి ఉంది.
- కొత్త ఫిల్టర్ వేసినా ఎత్తులో లాగడం లేదు: ట్యాంకు లోపలి జల్లెడ, ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాలు చూపించండి.

14. దారిలో మార్చాల్సి వస్తే

కల్తీ డీజిల్ పోయించుకున్నా, వరద నీళ్లలో దిగినా ఫిల్టర్ దారిలోనే మూసుకుపోతుంది. ఒక కొత్త ఫిల్టర్, రింగులు, సన్న గొట్టం, రెండు క్లిప్‌లు, గ్లౌజులు ఒక మూత డబ్బాలో వేసి సీటు వెనక ఉంచండి. రోడ్డు అంచు నుంచి పూర్తిగా పక్కకు తీసి, వెనక ట్రయాంగిల్ పెట్టి, ఇండికేటర్లు వేసి మొదలుపెట్టండి. వాన పడుతుంటే టార్పాలిన్ కిందే విప్పండి. బంకులో నీళ్లు కలిసిన డీజిల్ పోశారని అనుమానం ఉంటే ఫిల్టర్ నుంచి తీసిన సీసా పారేయకండి, బిల్లుతో పాటు ఉంచండి.

15. మర్నాడు

- రాత్రంతా నిలిచిన బండి పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుందా?
- ఫిల్టర్ కింద పరిచిన అట్టముక్క పొడిగా ఉందా?
- లోడుతో 50 కిలోమీటర్లు తిరిగాక గొట్టాల దగ్గర తడి ఉందా?
- క్లిప్‌లు వేలితో తిప్పితే కదులుతున్నాయా?

పాత డీజిల్‌ను మళ్లీ ట్యాంకులో పోయకండి, కాలువలో, బావి పక్కన, పొలం గట్టున అసలే పారబోయకండి. మూత ఉన్న క్యాన్‌లో పోసి, పాత ఫిల్టర్‌తో పాటు వేస్ట్ ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇవ్వండి.

అన్నీ సరిగ్గా ఉంటే పెయింట్ మార్కర్‌తో ఫిల్టర్ డబ్బా మీద తేదీ, కిలోమీటర్లు రాయండి. నా బండికి బానెట్ లోపలి పక్క కూడా రాస్తాను, నేను లేనప్పుడు బండి తోలే తమ్ముడికి బానెట్ ఎత్తగానే కనిపించాలని.